గుమ్మాలకు, కిటికీలకు సాండర్ పట్టడం: పర్లాకిమిడి ఇంట్లో నేర్చుకున్న పని

సంక్రాంతి ముందు మా పర్లాకిమిడి ఇంటికి రంగులు వేయిద్దామని రంగు మిస్త్రీని పిలిచాను. ఆయన వీధి గుమ్మాన్ని బొటనవేలి గోటితో ఒకసారి గీకి, వేలికంటిన పొడి చూసుకుని, "బాబూ, రంగు వెయ్యడం రెండు రోజుల పని. రుద్దడం పది రోజులు. రంగుకి మనుషులున్నారు, రుద్దడానికి ఎవరూ రారు" అన్నాడు. రుద్దుడు నేనే చూసుకుంటానని మాటిచ్చేశాను. పాతపట్నంలో మా బావ దగ్గర సాండర్ మెషిన్, అంటే గరుకు కాగితం బిగించి కరెంటుతో రుద్దే మెషిన్, ఉందన్న ధైర్యం అది.

మొదటి రోజే బుద్ధొచ్చింది. మేడ మీద గది ద్వారబంధానికి లోపలి అంచు వెంబడి వడ్రంగి చేత్తో తీసిన సన్నటి గాడి ఉంది. మెషిన్‌కి 80 నంబరు గరుకు కాగితం పెట్టి దాని మీదుగా పోనిచ్చాను. పది నిమిషాలయ్యాక చూస్తే, పదునుగా ఉండాల్సిన అంచు వారం రోజులు వాడిన సబ్బు ముక్కలా అయిపోయింది. లప్పం పెట్టి కప్పబోతే ఇంకా ఎబ్బెట్టుగా తయారైంది. ఇప్పటికీ ఆ గదిలో అడుగు పెడితే నా కన్ను ముందు అక్కడికే పోతుంది. అందుకే మెషిన్ ఎక్కడ పెట్టాలన్న దానికంటే ఎక్కడ పెట్టకూడదన్నదే ఇందులో ఎక్కువ ఉంటుంది.

గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు మాది. కాబట్టి పనివాళ్ళ నోట వినపడే మాటలే రాస్తాను. పుట్టీ అంటే లప్పం, సాండ్‌పేపర్ అంటే ఎమరీ కాగితం.

ముందు రంగు వయసు తేల్చుకోండి

మా ఇంట్లో రెండు తరాల గుమ్మాలున్నాయి. కింది భాగం మా ముత్తాత కట్టించాడు. అప్పటికి ఒడిశా రాష్ట్రమే లేదు, ఊరు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. 1936 ఏప్రిల్ 1న ఒడిశాలో కలిసేనాటికే ఆ తలుపులకు రెండు మూడు పూతలు పడి ఉంటాయి. ఆ తర్వాత ఎన్ని పండగలకు ఎన్ని పూతలో ఎవరికీ లెక్క తెలియదు. పెచ్చు ఊడిన చోట చూస్తే పైన చాక్లెట్ రంగు, దాని కింద ఆకుపచ్చ, నీలం, అన్నిటికంటే అడుగున ఇటుక ఎరుపు. మేడ మీద గదులు మాత్రం 2019లో వేసినవి. వాటి ద్వారబంధాలకు ప్రైమర్ కొట్టి, డబ్బులైపోయి, అలాగే వదిలేశాం.

ఈ తేడా ఎందుకు చెబుతున్నానంటే, పాత ఎనామెల్ రంగుల్లో సీసం ఉండేది. పసుపు, ఎరుపు, ఆకుపచ్చ లాంటి గట్టి రంగుల్లో మరీ ఎక్కువ. ఇళ్ళకు వేసే రంగుల్లో సీసం పది లక్షల పాళ్ళకు 90 పాళ్ళు మించకూడదని మన దేశంలో 2016లో నిబంధనలు వచ్చాయి, 2017 నవంబరు 1 నుంచి అమల్లో ఉన్నాయి. అంతకుముందు పడిన పూత అయితే సీసం ఉందనే అనుకుని పని చేయండి. మెషిన్ పెడితే ఆ పూత పిండిలా లేచి నేల మీద, మంచాల మీద, అటక మీద పరుచుకుంటుంది. పాకే పిల్లలు చేతులు నేలకు ఆనించి నోట్లో పెట్టుకుంటారు. వాళ్ళ మెదడు ఎదుగుదల మీద సీసం చేసే దెబ్బకు తర్వాత మందు లేదు.

అలాంటి పాత గుమ్మానికి పొడి రుద్దుడు వద్దు, మెషిన్ అసలే వద్దు. బ్లో లాంప్‌తో కాల్చడం ఇంకా చెడ్డది, ఆ పొగలో కూడా సీసం ఉంటుంది. పూత చెక్కకు గట్టిగా పట్టుకుని ఉంటే దాన్ని పీకాల్సిన పనే లేదు. మెరుపు చస్తే చాలు, కొత్త రంగు పట్టుకుంటుంది. నల్లటి వాటర్ పేపర్ 220 నంబరుది తీసుకుని, మగ్గు నీళ్ళలో గిన్నెల సబ్బు నాలుగు చుక్కలు కలిపి, తడిపి రుద్దండి. కింద పాలిథిన్ షీటు పరవండి. కారిన బురద ఎండకముందే గుడ్డతో ఎత్తి, ఆ గుడ్డతో సహా సంచిలో మూట కట్టేయండి. పెరట్లో, నూతి గట్టు దగ్గర కడగొద్దు. ఆ రోజు పిల్లల్ని, కడుపుతో ఉన్నవాళ్ళని వేరే ఇంటికి పంపండి. స్నానం చేశాకే అన్నం దగ్గర కూర్చోండి, ఆ బట్టలు విడిగా ఉతకండి. పెచ్చులు లేచిన చోట పెయింట్ రిమూవర్ రాసి గీకాలి. తడి పని అయ్యాక రెండు మూడు రోజులు ఎండనివ్వకుండా ప్రైమర్ జోలికి పోకూడదు. మా వీధి గుమ్మానికి నేను చేసింది ఇదే. నాలుగు రోజులు పట్టింది, నడుం పట్టేసింది, మెషిన్ మాత్రం తగలనివ్వలేదు.

ఇక్కడి నుంచి చెప్పేదంతా కొత్త రంగు, కొత్త ప్రైమర్ ఉన్న చెక్క గురించి.

మెషిన్, కాగితం

సాండర్లలో రంగు చెక్కకు పనికొచ్చేవి రెండు. ఒకటి గుండ్రటి పలక ఉండే రాండమ్ ఆర్బిటల్. దాని పలక 125 మిల్లీమీటర్లు, అంటే అయిదంగుళాలు. అది తిరుగుతూనే పక్కలకు ఊగుతుంది కాబట్టి ఒకే దారిలో గీతలు పడవు. తలుపు రెక్కలకు, వెడల్పు చెక్కలకు దీన్ని మించింది లేదు. రెండోది నలుచదరం పలక ఉన్న షీట్ సాండర్. మామూలు ఎమరీ షీటును నాలుగు ముక్కలు చేసి ఒక ముక్క బిగించుకోవచ్చు. పని నెమ్మదిగా సాగుతుంది గానీ, ద్వారబంధం లాంటి సన్నటి చెక్కల మీద కుదురుగా నిలుస్తుంది, మూల దగ్గరదాకా పోతుంది. గోడలు కోసే గ్రైండర్‌కి ఎమరీ బిళ్ళ తగిలించి గుమ్మాలు రుద్దేవాళ్ళని చూశాను. అది చెక్కను రుద్దదు, తవ్వుతుంది.

వేగం మార్చే చక్రం ఉన్న మెషినే తీసుకోండి. దాని మీద 1 నుంచి 6 దాకా అంకెలుంటే రంగు మీద 2, 3 దాటించొద్దు. వేగం పెరిగితే వేడి పుడుతుంది, వేడికి రంగు మెత్తబడి కాగితానికి జిగురులా అంటుకుంటుంది.

కాగితం నంబరు పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది. 80 పెచ్చులు లేచిన చోటికి మాత్రమే. 120 ముందు వేసిన కొత్త రంగు పూత చదును చేయడానికి. 180 ప్రైమర్‌కి. 220 పూతకీ పూతకీ మధ్య. చివరి పూతకు ముందు చేత్తో 320. ఉత్త ప్రైమర్ ఉన్న చెక్కకు 180తోనే మొదలుపెట్టండి. అక్కడ 80 పెడితే ఊపిరి పీల్చి వదిలేలోపు ప్రైమర్ పోయి పచ్చి చెక్క కనబడుతుంది. అలాగే 80 నుంచి ఒక్కసారిగా 220కి దూకకండి. 80 చేసిన గీతలు 220కి పోవు, రంగు పడ్డాక బయటపడతాయి.

కొనేటప్పుడు పైన తెల్లటి పొడి పూత ఉన్న ఎమరీ బిళ్ళలు, అంటే గుండ్రటి కాగితాలు, అడగండి. ఆ పూత రంగు పొడిని కాగితంలో ఇరుక్కోనివ్వదు. బిళ్ళ చిల్లులు, మెషిన్ పలక చిల్లులు ఒకదాని మీద ఒకటి సరిగ్గా రావాలి. రాకపోతే పొడి మెషిన్‌కి తగిలించిన సంచిలోకి పోకుండా బిళ్ళ కిందే తిరిగి, జిలేబీ చుట్టల్లాంటి గీతలు పెడుతుంది.

మూతికి తువ్వాలు చుట్టుకుంటే సరిపోదు, సన్నటి పొడి అందులోంచి దర్జాగా లోపలికి పోతుంది. ఎన్95 మాస్కు, కళ్ళద్దాలు, చెవుల్లో పెట్టుకునే బిరడాలు కావాలి.

పసుపు, నూనె, తోరణం మేకులు

మన గుమ్మాలకు ఉన్న ప్రత్యేకత ఇది. ప్రతి శుక్రవారం గడపకు పసుపు రాస్తాం, కుంకుమ బొట్లు పెడతాం. దీపం పక్కన పెట్టినప్పుడు నూనె ఒలుకుతుంది, పైన మసి పడుతుంది. తలుపు గడియ చుట్టూ ఏళ్ళ తరబడి చేతుల జిడ్డు. వీటి మీద నేరుగా మెషిన్ పెడితే జిడ్డు పోదు, వేడికి ఇంకా లోపలికి దిగుతుంది. అక్కడ రంగు వేస్తే ఆరు నెలల్లో పొరలా లేచిపోతుంది.

అందుకని ముందు కడగాలి. బట్టల సోడా గోరువెచ్చని నీళ్ళలో కలిపి, చేతులకు తొడుగులు వేసుకుని, గడపను, గడియ చుట్టుపక్కలను స్క్రబ్బర్‌తో తోమండి. మంచినీళ్ళతో రెండుసార్లు తుడవండి. ఒక రోజు ఆరాక టర్పెంటైన్ తడిపిన తెల్లగుడ్డతో ఒకసారి తుడిచి, ఆ గుడ్డ చూడండి. పసుపచ్చగా వస్తే మళ్ళీ తోమాల్సిందే. మా అమ్మ గడపకు నాలుగుసార్లు పట్టింది.

తర్వాత మేకులు. ద్వారబంధం పై చెక్కను చేత్తో తడిమితే మావిడాకులు కట్టిన మేకులు, దిష్టి గుమ్మడికాయ కోసం కొట్టిన కొక్కేలు, తలలు విరిగి లోపల మిగిలిన చిన్న మేకులు బయటపడతాయి. మా పెరటి గుమ్మం ఒక్కదానికే పదకొండు తీశాను. ఒక్కటి మిగిలినా బిళ్ళ చిరిగి, పలక మీది వెల్క్రో దెబ్బతింటుంది. బయటికి రాని మేకును మరో మేకు మొనతో లోపలికి దించి, పైన లప్పం పెట్టండి. గడియలు, బోల్టులు విప్పేయండి. వాటి చుట్టూ మెషిన్ తిప్పుదామనుకోవడం బద్ధకం.

గదిలో ఫ్యాను ఆపండి. పక్క గది దారికి ప్లాస్టిక్ షీటు కట్టండి. నేల మీద పాత చీర పరిస్తే నేతలోంచి పొడి కిందికి దిగుతుంది, టార్పాలిన్ మేలు.

పొడి రాలుతుందా, ఉండ కడుతుందా

డబ్బా మీద ఎన్ని గంటలని రాసినా, ఆషాఢ శ్రావణాల్లో మన వైపు గాలిలో ఉండే చెమ్మకు ఆ లెక్క పనిచేయదు. ఆయిల్ ప్రైమర్ రాత్రి వేస్తే పొద్దున్నకి చేతికి అంటకపోవచ్చు, లోపల మాత్రం పచ్చిగానే ఉంటుంది. మిస్త్రీ నాకు చెప్పిన పరీక్ష చాలా తేలిక. కంటికి ఆనని మూలలో, 220 కాగితంతో నాలుగుసార్లు చేత్తో రుద్దండి. కాగితం మీద నుంచి గోధుమ పిండిలా పొడి రాలితే మెషిన్ తీయొచ్చు. సన్నటి ఉండలు కట్టి కాగితానికి అంటుకుంటే ఆ రోజుకు టీ తాగి పడుకోండి. పచ్చి ప్రైమర్ మీద మెషిన్ పెడితే గంట తిరక్కుండా అయిదారు బిళ్ళలు పాడవుతాయి, పైన గుంటలు పడతాయి.

ఏళ్ళ తరబడి ఉత్త ప్రైమర్‌తో ఉన్న చెక్కది వేరే కథ. మా మేడ గుమ్మాలు అలాంటివే. అరచేత్తో రాస్తే సున్నం అంటినట్టు తెల్లగా అంటుకుంది. ఆ సుద్దంతా పోయేదాకా 180తో రుద్ది, తుడిచి, మళ్ళీ ఒక పూత ప్రైమర్ వేయాలి. పాతదాని మీదే రంగు వేస్తే ఆ సుద్దతో పాటే ఊడుతుంది.

వానాకాలంలో తలుపు బిగిసిపోతుంది కదా, ఎలాగూ రుద్దుతున్నాం కదా అని అంచు ఎక్కువగా అరగదీయకండి. చెమ్మకు ఉబ్బిన చెక్క మాఘమాసానికి కుదించుకుపోతుంది. అప్పుడు సందులోంచి బల్లులు వస్తాయి. ఆ పని జనవరి తర్వాతే పెట్టుకోండి.

చదును చోట్ల మెషిన్ నడపడం

మొదట చెక్క మీద పెన్సిల్‌తో పిల్లలు గీసినట్టు అడ్డదిడ్డంగా గీతలు గీయండి. రుద్దుతుంటే ఎత్తు చోట గీతలు ముందు పోతాయి, పల్లం చోట మిగులుతాయి. ఎక్కడ ఆపాలో ఆ గీతలే చెబుతాయి. మెషిన్‌తో పల్లాన్ని పట్టుకోవాలని చూడొద్దు, అది లప్పం పని.

పలకను చెక్క మీద పూర్తిగా ఆనించి, తర్వాత స్విచ్ వేయండి. గాలిలో తిరుగుతున్న బిళ్ళను దించితే మొదట తగిలిన అంచు చంద్రవంకలా గాటు పెడుతుంది. తీసేటప్పుడు తిరుగుతుండగానే నిటారుగా పైకెత్తి, అప్పుడు ఆపాలి. ఒత్తకండి, మెషిన్ బరువు చాలు. చేతికి కాస్త అలవాటైతే అది తనంతట తాను జారుతుంది. ఒత్తితే పలక తిరగడం మానేసి ఊగడం ఒక్కటే చేస్తుంది, అక్కడే చుట్టల గీతలు పడతాయి. సెకనుకు అంగుళం చొప్పున నడిపితే సరిపోతుంది. మా బావ భాషలో చెప్పాలంటే ఇస్త్రీ చేసినంత తొందర కూడా వద్దు. ఒక్కో వరుస ముందు వరుసలో సగం మీదుగా పోవాలి.

మూడు నాలుగు నిమిషాలకొకసారి బిళ్ళ తిప్పి చూడండి. రంగు మరకలు మెరుస్తూ గడ్డకట్టి ఉంటే, క్రేప్ సోలు ఉన్న పాత చెప్పు అడుగును తిరుగుతున్న బిళ్ళకు ఆనించండి. రబ్బరు ఆ జిడ్డుని లాగేస్తుంది. రెండు మూడుసార్లు చేశాక కొత్తది మార్చండి. రూపాయల దగ్గర కక్కుర్తిపడి అరిగిన బిళ్ళతో రుద్దితే అది చెక్కను వేడిచేయడం తప్ప ఇంకేం చేయదు.

ఒక సంగతి మర్చిపోకుండా చెప్పాలి. మెషిన్‌కి బొత్తం నొక్కి పెట్టే లాక్ ఉంటుంది. ఒకరోజు మధ్యాహ్నం అది వేసి రుద్దుతుండగా కరెంటు పోయింది. మెషిన్‌ని కిటికీ అరుగు మీద పెట్టి భోజనానికి దిగాను. అన్నంలో చారు పోసుకుంటుండగా పైన ఢమాల్మని చప్పుడు. కరెంటు రాగానే మెషిన్ దానంతట అదే లేచి, అరుగంతా గీరి, కింద పడింది. సంచి చిరిగి గదంతా తెల్లగా అయింది. కరెంటు పోతే ముందు ప్లగ్ పీకండి, తర్వాత చారు.

అరగంట రుద్దితే చేతులు జుమ్మంటాయి. పది నిమిషాలు ఆపండి. సన్నటి పొడి పడే సంచిని సగానికి మించి నిండనివ్వొద్దు.

అంచులు, గాళ్ళు, మూలలు చేత్తోనే

చెక్క అంచు మీద రంగు ఎప్పుడూ పల్చగా ఉంటుంది. మెషిన్ అంచుదాకా వెళ్ళి కాస్త వాలినా అక్కడ పచ్చి చెక్క తేలుతుంది. అంచుకు వేలెడు దూరంలో మెషిన్ ఆపేయండి. మిగిలిన వేలెడు మేరా 220 కాగితం మూడు మడతలు పెట్టి, చెక్క వాటంలో చేత్తో రెండు మూడుసార్లు తుడిచినట్టు రుద్దితే చాలు.

గాడికి కాగితం వేలికి చుట్టి రుద్దితే వేలి ఆకారంలోనే గాడి అవుతుంది. గాడికి సరిపడే పుల్ల వెతకండి. నాకు పాత పెన్సిలు, గుండ్రటి చీపురు కర్ర, పిల్లల ఐస్‌క్రీమ్ పుల్ల బాగా పనికొచ్చాయి. ఐస్‌క్రీమ్ పుల్లకు కాగితం చుట్టి, లోపలి మూలలోకి దూర్చి, లాగడమే తప్ప తోయకూడదు. బీడింగులకు సాండింగ్ స్పాంజి మంచిది, అది ఆకారాన్ని బట్టి వంగుతుంది. నగిషీ ఉన్న చోట కాగితం కూడా వద్దు, పీచు స్క్రబ్బర్‌తో మెరుపు చంపితే చాలు.

కిటికీలకు ఇనుప ఊచలుంటాయి. వాటి మధ్యలో మెషిన్ ఇరికించబోతే పలక ఊచకు కొట్టుకుని చేతిలోంచి ఎగురుతుంది. ఆ సందులన్నీ షీటు ముక్కతో చేత్తోనే. మా తొమ్మిది కిటికీలకు మెషిన్ పని గంటన్నర, చేతి పని రెండు రోజులు.

లప్పం, ప్రైమర్, పూతల మధ్య

చీకటి పడ్డాక ఫోన్ టార్చి చెక్కకు పక్కగా, దాదాపు ఆనించినట్టు పట్టండి. పగలు కనపడని గుంటలు, గీతలు నీడలతో సహా బయటపడతాయి. వాటికి పెన్సిల్‌తో సున్న చుట్టి, పొద్దున్నే లప్పం పెట్టండి. ఒకేసారి లావుగా పెడితే కుంగి పగులుతుంది, పల్చగా రెండుసార్లు పెట్టండి. ఆరాక లప్పం మీద మెషిన్ పెట్టకండి. లప్పం మెత్తన, చుట్టూ ఉన్న రంగు గట్టి. మెషిన్ మెత్తని దాన్ని ముందు తినేసి మళ్ళీ గుంట చేస్తుంది. చిన్న చెక్కముక్కకు 180 చుట్టి చేత్తో రుద్దండి. లప్పం ఉన్న చోటా, చెక్క తేలిన చోటా మచ్చమచ్చలుగా ప్రైమర్ వేసి, అది పొడి రాలే దశకు వచ్చాక 220తో ఒకసారి తేలిగ్గా.

పూతల మధ్య మెషిన్ వాడితే వేగం 1 మీద, 220 తెల్ల బిళ్ళతో, ఒక్కసారి మాత్రమే పోనివ్వండి. చేతికి నునుపు తగిలి, కంటికి మెరుపు పోతే అయిపోయినట్టే. నేనైతే ఆ దశలో మెషిన్ మడిచి పెట్టేసి 320తో చేత్తోనే చేశాను. పది నిమిషాల పనికి భయపడుతూ చేయడం ఎందుకు.

రంగు డబ్బా మూత తీసేముందు పొడి తీయాలి. ముందు బ్రష్‌తో పై నుంచి కిందికి దులిపి, తర్వాత కొద్దిగా తడిపి గట్టిగా పిండిన మెత్తటి గుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి, చివరికి అరచేత్తో నిమిరి చూడండి. చేతికి తెలుపు అంటితే ఇంకోసారి. గాడి మూలల్లో, గడపకూ నిలువు చెక్కకూ కలిసే చోట పొడి దాక్కుంటుంది, అక్కడ పాత టూత్‌బ్రష్ వాడండి. నూనె రంగు, అవిసె నూనె తుడిచిన గుడ్డలు ఉండగా చుట్టి మూల పడేయకండి. అవి ఆరేటప్పుడు వేడెక్కి తమంతట తామే అంటుకోగలవు. పెరట్లో విడివిడిగా పరిచి, గట్టిగా ఎండాక పారేయండి.

మా గుమ్మాలకు ఆఖరి పూత ఒక బుధవారం పడింది. మర్నాడు సాయంత్రానికే అమ్మ పసుపు గిన్నె కలిపి పెట్టుకుంది, తెల్లారితే శుక్రవారమని. ఎనామెల్ చేతికి అంటకపోయినా లోపల గట్టిపడటానికి వారమైనా కావాలి. తడి పసుపు రాసి తోమితే ఆ మరక రంగులోనే ఉండిపోతుంది. అదే చెప్పాను. కాసేపు గొణిగి, ఆ వారానికి గడప ముందు నేల మీద ముగ్గు వేసి, దాని మీదే పసుపు, కుంకుమ పెట్టింది.